మూడు నిమిషాల బాబాయి

డాలస్‌కు ఉత్తరాన తెలుగువాళ్లు దండిగా స్థిరపడిన ఊళ్లలో, ఏ ఊరికెళ్లినా ఒక మూడు నిమిషాల బాబాయి తగులుతాడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఐటీ ఉద్యోగం, సగం తీరిన ఇంటి అప్పు. సొంతూళ్లో ఉన్నన్నాళ్లూ పంచాయతీ ఆఫీసు గడప తొక్కినవాడు కాదు. వీధి కుళాయి రాకపోతే బిందె పట్టుకుని పక్కవీధికి వెళ్లాడే గానీ, ప్రెసిడెంటుగారిని అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఇక్కడ నెలకు రెండు మంగళవారాలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిటీ కౌన్సిల్ మీటింగుకు బయల్దేరతాడు. పేరూ చిరునామా కార్డు మీద రాసిస్తే చాలు, పౌరుడి చేతికి మైకు ఇస్తారు. మూడు నిమిషాలు.

ఇంట్లో అంతసేపు ఆయన మాట వినేవాళ్లు లేరు.

ఆయన పట్టిన అంశం చలి తుఫాను. పట్టడానికి కారణం ఉంది. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో చలి సున్నాకు కింద పందొమ్మిది డిగ్రీల దాకా దిగింది. టెక్సస్ కరెంటు గ్రిడ్డు చాలావరకు ఒంటిది. పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామన్నా తీగలు అంతంతమాత్రం. గ్యాస్ బావులు, పవర్ ప్లాంట్లు గడ్డకట్టి, నలభై అయిదు లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలు చీకటైపోయాయి. ప్రభుత్వం లెక్కలోనే 246 మంది పోయారు. ఇక్కడి ఇళ్లలో నీళ్ల పైపులు చాలాచోట్ల అటక మీదుగా వెళ్తాయి. అవి గడ్డకట్టి పగిలి, బాబాయి హాలు సీలింగు ఊడి సోఫా మీద పడింది. అప్పట్నుంచి ఆయన మనిషి మనిషి కాదు.

మైకు ముందు ఆయనది ఒకటే వరస. పచ్చలైటు వెలగ్గానే మేయరుకు, సభ్యులకు, సిటీ సెక్రటరీకి పేరుపేరునా కృతజ్ఞతలు. తర్వాత దివిసీమ ఉప్పెన. 1977కి ఆయన ఇంకా పాలు తాగుతున్నాడు, అయినా కళ్లారా చూసినట్టే చెబుతాడు. పసుపులైటు వచ్చేసరికి మంచు రోడ్ల మీద ఇసుక చల్లే లారీల దగ్గరికి వస్తాడు. అసలు సంగతి, అంటే కరెంటు పోయినవాళ్లు తలదాచుకోవడానికి వెచ్చటి హాలు ఒకటి తెరవాలన్న సంగతి, నోట్లోంచి బయటికొచ్చేలోగా ఎర్రలైటు వెలిగి గంట మోగుతుంది.

కౌన్సిల్ సభ్యులు చిరునవ్వుతో వింటారు, మారుమాట్లాడరు. దాన్ని ఆయన గౌరవం అనుకుంటాడు. నిజానికి అజెండాలో లేని విషయం మీద చర్చించకూడదని టెక్సస్ చట్టం వాళ్ల నోరు కట్టేసింది. మహా అయితే ఉన్న సంగతి చెప్పవచ్చు, లేదా వచ్చే అజెండాలో పెడదామనవచ్చు. బాబాయి మాత్రం ఇంటికొచ్చి, "ఒక్కడంటే ఒక్కడు ఎదురు చెప్పలేకపోయాడోయ్!" అంటాడు. "ఏమండీ, ఆ ఎర్రలైటేదో మనింట్లో కూడా పెట్టించకూడదూ?" అంటుంది పిన్నిగారు.

వాతావరణశాఖ హెచ్చరిక రావడమే ఆలస్యం, ఆయనకు పండగ. ఊరంతా పాలకూ బ్రెడ్డుకూ ఎగబడుతుంటే, బాబాయి సోనా మసూరి బస్తాలు రెండు కారులో వేసుకొస్తాడు. పెరటి పంపులకు ఫోమ్ టోపీలు తొడుగుతాడు. పైపులు గడ్డకట్టకుండా ఇంట్లో కుళాయిలన్నీ సన్నధారగా వదులుతాడు. చిన్నప్పుడు అలా వదిలితే అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఇప్పుడు అదే పని టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి గదిగదికీ తిరిగి తనిఖీ చేస్తాడు.

నవ్వుకున్నంత నవ్వుకున్నా, పైపు పగిలితే వీధివాళ్లు ముందు ఫోన్ చేసేది ఆయనకే. ఏ ఇంటి నీటి మీటరు పెట్టె ఏ పొదకింద ఉందో ఆయనకు కంఠతా వచ్చు. పైజమా మీద కోటేసుకుని, టీ ఆకారపు ఇనుపకీతో పరుగెత్తుకొచ్చి, నేలమీద బోర్లా పడుకుని నీళ్లు కట్టేస్తాడు. తర్వాత మీరు కాఫీ ఇవ్వాలి, ఆయన ప్రసంగం వినాలి. ఇక్కడ ఎర్రలైటు ఉండదు.

కొన్నాళ్లకు కౌన్సిల్ నిజంగానే వెచ్చటి హాలు సంగతి అజెండాలో పెట్టింది. అజెండాలో ఉంది కాబట్టి సభ్యులకు నోరొచ్చింది. బాబాయి కృతజ్ఞతలు మొదలుపెట్టీ పెట్టకముందే మేయరు అందుకున్నాడు. "మంచి ఆలోచన. హాలు ఉంది, హీటరు ఉంది. రాత్రి పది నుంచి రెండు దాకా కూర్చునే వలంటీర్లే కావాలి. మిమ్మల్ని రాసుకోమంటారా?"

ఆయన్ని అక్కడ ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. గడియారం వైపు చూశాడు. ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

"రాత్రిళ్లు హైదరాబాద్ టీముతో కాల్ ఉంటుందండీ..." అని నసిగి, వచ్చి కూర్చున్నాడు.

తర్వాతి మీటింగుకు అజెండా ముందుగానే ప్రింటు తీసుకున్నాడు. పెన్సిల్ పెట్టి మొదట్నుంచి చివరిదాకా చదివాడు. అందులో లేని అంశం ఒకటి వెతికి పట్టుకుని, నిశ్చింతగా కార్డు నింపాడు.