మునిమనవడు గారు

మా ఫీనిక్స్ ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. తెలుగువాళ్లం చాటుగా ఆయన్ని ‘మునిమనవడు గారు’ అంటాం. ఎవరి మునిమనవడు అని మాత్రం ఆయన్ని అడక్కండి. చేరిన కొత్తలో నేను అడిగాను. ఆ మధ్యాహ్నం రెండు మీటింగులు ఎగిరిపోయాయి.

ఆయనది వయట్ ఎర్ప్ వంశమట. కౌబాయ్ సినిమాలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1881 అక్టోబరు 26న టూంస్టోన్ ఊళ్లో, ఓకే కొరాల్ అనే గుర్రాల దొడ్డి దగ్గరి కాల్పుల్లో ఒంటిమీద గీత పడకుండా బయటపడ్డ మనిషి. ఆ వంశవృక్షం ఈయన దగ్గరుంది. వృక్షమంటే కాగితం చుట్ట. లంచ్ బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా మా క్యారేజీ గిన్నెలు పెట్టిస్తాడు. ఒకసారి నా గోంగూర పచ్చడి నూనె కారి వయట్ తండ్రి నికొలస్ మీద పడింది. అప్పట్నుంచీ నికొలస్‌ని వెతుక్కోవాల్సిన పని లేదు.

నికొలస్‌కి రెండు పెళ్లిళ్లు. పెద్దావిడ కొడుకు న్యూటన్. రెండో ఆవిడకి జేమ్స్, వర్జిల్, వయట్, మోర్గన్, వారెన్, ఆడపిల్లలు వేరే. మనం మొక్కుకున్న దేవుడి పేరు పెట్టినట్టు, నికొలస్ మెక్సికో యుద్ధంలో తన కెప్టెన్ పేరు పిల్లాడికి పెట్టుకున్నాడు: వయట్ బెరీ స్టాప్. ఆ కెప్టెన్ ఇంటిపేరు కూడా వదల్లేదు.

ఇక్కడిదాకా కాగితం బాగానే నడుస్తుంది. చిక్కల్లా వయట్ దగ్గరే. ఆయనకి పిల్లల్లేరు. మొదటి భార్య యురిల్లా 1870లో పెళ్లయిన ఏడాది తిరక్కుండానే పోయింది. జోసఫీన్‌తో నలభై ఏళ్లు దాటిన కాపురం, అక్కడా సంతానం లేదు. అయినా చుట్టలో వయట్ పేరు కిందనుంచి చుక్కల గీత ఒకటి బయల్దేరి, మడతలో మాయమై, అవతల ఈయనగారి అమ్మమ్మ దగ్గర తేలుతుంది. మడత సంగతేమిటంటే కాగితం చుట్టేస్తాడు.

“వర్జిల్‌కి కూతురుందిగా, అటునుంచి రారాదూ? పైగా ఆ రోజు ఊరి మార్షల్ ఆయనే, వయట్ అన్నకి సాయం వెళ్లాడంతే” అన్నాను. పెళ్లికొడుకు కుదరకపోతే తోడుపెళ్లికొడుకు ఉన్నాడుగా అన్నట్టు చూశాడు నన్ను. రెండ్రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు టూంస్టోన్ తీసుకెళ్లాడు. జూన్ ఎండ, నా కారు, నా పెట్రోలు. ముప్పై సెకన్లలో ముగిసిన కాల్పులకి దారిపొడుగునా మూడు గంటల వ్యాఖ్యానం. అంతా ‘మేమే’: మేము ఇటు తిరిగాం, మేము కాల్చాం. అసలు కాల్పులు జరిగింది కొరాల్‌లో కాదు, దాని వెనకాల ఇరుకు ఖాళీ స్థలంలో అని చెప్పి, నన్ను ఎండలో అవతలి పక్షం బిల్లీ క్లాంటన్‌గా నిలబెట్టాడు. టికెట్టు పెట్టి ఆడే తుపాకుల నాటకంలో వయట్ వేషగాడికి మీసం ఎలా దువ్వాలో చెప్పబోతే, వాడు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

కోపం వచ్చినప్పుడల్లా ఒకటి గుర్తు చేసుకుంటాను. కాలిఫోర్నియాలో కోల్మా అనే చోట, జోసఫీన్ వైపు వాళ్ల యూదుల శ్మశానంలో ఉంది వయట్ సమాధి. ఈయన ఏటా వెళ్లి, దుమ్ము తుడిచి, వాళ్ల ఆచారం ప్రకారం చిన్న గులకరాయి పెట్టి వస్తాడు. పిల్లలు లేని మనిషికి ఆ పని ఎవరు చేస్తారు?

ఇక నా సంగతి. మా ఇంటిపేరు కందుకూరి. “అంటే, వీరేశలింగం పంతులుగారి...” అని ఎవరైనా సాగదీస్తే, నేను ఔననను. కాదనీ అనను. చిరునవ్వుతో తల దించుకుంటాను. పెళ్లిచూపుల్లోనూ అలాగే దించుకున్నాను. టూంస్టోన్ నుంచి తిరిగొస్తూ ఈయనతో కూడా అనేశాను: మా పంతులుగారూ మీ వయటూ ఒకే ఏడు, 1848లో పుట్టారు, మీవాళ్లు కాల్చుకున్న 1881లోనే, డిసెంబరులో, మావాడు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు, అని. ‘మావాడు’ అన్నది నాకే వినబడింది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ కూరలో గరిటె ఆపి, “ఏమండీ, పంతులుగారికి పిల్లల్లేరు కదండీ?” అంది.

సోమవారం లంచ్‌లో నా ముందు కొత్త కాగితం చుట్ట ఉంది. పైన వీరేశలింగం పేరు, అట్టడుగున నా పేరు, మధ్యలో మూరెడు తెలుపు. కలం మూత తీసి అడిగాడు, “మధ్యలో ఎవరెవరు?”

“ముందు పెన్సిల్‌తో రాద్దామండీ” అన్నాను.