కొలిచి ఇచ్చిన కూలి

మా రోజుల్లో కోతకు వచ్చినవాళ్లకు కూలి కల్లంలోనే కుంచంతో కొలిచేవాళ్లం. బజార్లో బియ్యం ధర ఎంత ఎగిరినా వాళ్లింటికి చేరే గింజలు తగ్గేవి కావు. అలాగని అదంతా మంచికాలమని అనను. ఆడవాళ్లకు తక్కువ కొలిచేవాళ్లు. అప్పుపడ్డ పాలేరు ఏళ్లతరబడి ఆసామి గడప దాటలేకపోయేవాడు. అలాంటి బాధలు చూసిన ముందు తరమే 1948లో కనీస వేతనాల చట్టం తెచ్చింది.

1957లో కార్మిక సదస్సు ఆ చట్టానికీ ఒక కొలత ఇచ్చింది. ముగ్గురి తిండి, మనిషికి 2,700 కేలరీలు, ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల గుడ్డ, అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం కూడా కలపాలని తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు అంకె ఉంది, కొలత లేదు. దేశమంతటికీ కనీస స్థాయి అంటూ 2017లో రోజుకు 176 రూపాయలన్నారు. 2019లో దాన్ని 178 చేశారు. కేంద్రం వేసిన నిపుణుల సంఘమే ఆ ఏడాది తిండీ బట్టా లెక్కగట్టి 375 ఉండాలంది. ఆ మాట ఎవరు విన్నారు? రాష్ట్రాల్లో ఆరునెలలకోసారి కరువుభత్యం కలుపుతారు గానీ, ఐదేళ్లలోపు సవరించాల్సిన అసలు కూలి ఏళ్లకేళ్లు నానుతుంది.

కూలి పెంచితే రైతు మునుగుతాడని మా అరుగు మీద రోజూ వింటాను. నేనూ రైతునే. కూలి పెరిగితే పెట్టుబడి పెరిగే మాట నిజం. కోత మిషన్లు దిగాక ఆడకూలీల పనిరోజులు తగ్గిన మాటా నిజం. అయితే ఆ బరువు కూలీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. వడ్ల మద్దతు ధర లెక్కలో కూలి ఖర్చు ఉంటుంది. కానీ దేశమంతటికీ సగటు తీసి ఒకే ధర ప్రకటిస్తారు. మా దగ్గర కూలి ఎక్కువైతే ఆ తేడా చిన్నరైతు జేబులోంచే పోతుంది. సరిచేయాల్సింది అక్కడ.

కూలీ చేతిలో పడిన డబ్బు ఊరు దాటదు. కిరాణా కొట్టుకూ, దర్జీకీ, పాలకేంద్రానికీ వెళ్తుంది. అది ఆగితే ముందు మూతపడేవి ఆ చిన్న కొట్లే. కాబట్టి 1957 నాటి కొలతను బయటికి తీయండి. నేటి ధరలు వేసి కూలి కట్టండి, అదే కూలి వేసి మాకు వడ్ల ధర కట్టండి.