గుండ్లకమ్మలో పలక ముక్క

పుట్టింది మార్కాపురం గనిలో. ఉలితో పొరలు విడదీసి, నున్నగా రుద్ది, చెక్క చట్రంలో బిగించారు. ఒక పిల్లవాడు నా మీద బలపంతో అఆలు దిద్దాడు, ఉమ్మేసి తుడిచాడు, ఓనాడు పగలగొట్టాడు. చెత్తతో వాగులోకి, వాగులోంచి గుండ్లకమ్మలోకి చేరాను. ఇప్పుడు అరచేతంత ముక్కని.

నల్లమలలో పుట్టిన ఏరు కంభం చెరువు నింపి మా దాకా వచ్చేసరికి, ఎండాకాలం ఇసుకే మిగులుతుంది. ఆ ఇసుకలో, నా పక్కనే, మార్చిలో ఒక పిట్ట గుడ్లు పెట్టింది. పిచ్చుకకంటే కాస్త పెద్దది. మెడకు నల్లపట్టీ, కంటిచుట్టూ పసుపు ఉంగరం. తీతువుకు దాయాది. పక్షులు చూసేవాళ్ళు లిటిల్ రింగ్డ్ ప్లవర్ అంటారు. గూడంటే ఉత్త గుంట. అందులో నాలుగు గుడ్లు, మొనలు లోపలికి. పక్కనున్న నేనే మొదట గులకరాళ్ళనుకున్నాను.

మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంది. ఊరివాళ్ళు తవ్విన చెలమలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లమీద కూర్చుంటాయి ఆలుమగలు. ఇసుక తోడేకొద్దీ చెలమ లోతుకు పోయింది. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాన్ని కట్టడి చేసింది ఈ నీటికోసమే. చట్టం పగలు బాగానే ఉంటుంది. ట్రాక్టర్లు చీకటిపడ్డాక వస్తాయి.

కుక్క వస్తే పిట్టకు ఉపాయముంది. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దాన్ని దూరం లాక్కుపోతుంది. టైరు ముందు ఆ నాటకం సాగదు.

ఒకరోజు బైనాక్యులర్లతో ఇద్దరొచ్చారు. వాళ్ళ మాటలు విన్నాను. చంబల్ నది ఇసుకతిన్నెల మీద ఇండియన్ స్కిమ్మర్ గూళ్ళకి ఆ ఊళ్ళవాళ్ళే కాపలా కాస్తారట. చలికాలం కాకినాడ తీరాన దిగే పక్షి అది. 2020 నుంచి అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది. మా పిట్ట ఆ జాబితాలో లేదు. సంతోషమే, కానీ కాపలా కూడా లేదు.

మరునాడు గొర్రెల కాపరి తాత గుడ్లు చూసి మందను మళ్ళేశాడు. నన్ను తీసి పంచెతో తుడిచి, నాలుగడుగుల అవతల నిలబెట్టాడు. పొద్దుగూకి ట్రాక్టరు దిగింది.

"అబ్బయ్యా, ఆ పలక్కాడ గుడ్లుండాయి. బండి ఇట్టా తిప్పు."

"ఏడుండాయి తాతా? రాళ్ళేగా!"

"రాళ్ళే అనుకో. తిప్పు."

తెల్లారి చూస్తే టైరు జాడ నాకు జానెడు దూరంలో వంకర తిరిగి ఉంది. పిట్ట పొట్ట తడుపుకొచ్చి కూర్చుంది.