‘నార్మల్’ అనే ముందు ఆగండి
(థర్మామీటర్ గన్ను పట్టుకున్నవారికి బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా,

గేటు దగ్గర, హెల్త్ క్యాంపు బల్ల దగ్గర ఆ గన్నును మణికట్టుకి గురిపెట్టి, అంకె చూసీ చూడకుండా "నార్మల్, పదండి" అంటున్నారే, మీతోనే ఈ మాట. కరోనా నాడు ఎండనపడి ఇంటింటికీ తిరిగి ఫీవర్ సర్వే చేసిన ఆశా కార్యకర్తల కష్టాన్ని తక్కువ చెయ్యను. నా తగువంతా చూసే పద్ధతితోనే.

నుదుటికి గురిపెడితే మెదడు దెబ్బతింటుందని అప్పట్లో వాట్సాప్‌లో తెగ తిప్పారు. జనం చెయ్యి చాపడానికి ఆ భయమూ ఒక కారణం. కానీ ఆ గన్ను మన ఒంట్లోకి ఏ కిరణాలూ పంపదు. ఒంటి నుంచి వచ్చే వేడిని అందుకుంటుంది, అంతే. 1800లో విలియం హెర్షెల్ ఎరుపు రంగుకి అవతల, కంటికి కనపడని చోట థర్మామీటర్ పెట్టి కనిపెట్టిన పరారుణ కిరణాల రూపంలోనే ఆ వేడి వస్తుంది. నుదుటి చర్మాన్ని చూసి ఒంట్లో జ్వరమెంతో లెక్కకట్టేలా గన్నును తయారుచేశారు. మణికట్టు నుదుటికంటే చల్లన. అక్కడ చూస్తే ఉన్న జ్వరం కూడా తప్పించుకుంటుంది.

ఇక మన ఎండ. మే నెలలో తిరువూరు వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ గన్నుల్లో చాలావాటిని అంత వేడిలో వాడకూడదని పెట్టెలో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. మామిడితోటలో కాయలు కోసి నడిచొచ్చిన కూలీ నుదురు జ్వరం లేకపోయినా కాలిపోతుంటుంది. అదే మనిషి చెమటతోనో, తడి కండువాతో మొహం తుడుచుకునో వస్తే ఉన్న జ్వరం దాగిపోతుంది. నీడలో, గాలి నేరుగా తగలని చోట ఓ పావుగంట కూర్చోబెట్టండి. గన్నును కూడా అక్కడే ఉంచండి, బండి డిక్కీలోంచి తీసి అప్పటికప్పుడు వాడొద్దు. తండా నుంచి వచ్చిన అమ్మని ముసుగు కాస్త పైకి జరపమనండి. బొట్టు, విభూతి లేని చోట, పుస్తకంలో చెప్పినంత దూరంలో, నుదుటికి తిన్నగా పట్టండి. వస్తువుల వేడి చూసే మోడ్‌లో లేదు కదా అని కూడా చూసుకోండి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మన ఎ.కొండూరు మండలంలోని తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఇళ్లను కూలుస్తోంది. డయాలసిస్ మీదున్న మనిషికి జ్వరమొచ్చిందంటే, రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరిందేమోనని వెంటనే చూడాలి. పైగా కిడ్నీలు చెడినవాళ్లలో చాలామందికి ఒంటి వేడి మామూలుగానే కొంచెం తక్కువ. చలి, వణుకు అని ఆ మనిషి చెబుతుంటే గన్ను అంకె చూపించి ఇంటికి పంపేయడం ప్రాణాల మీదికి తేవడమే. అసలు చూడకపోతే తనే ఆసుపత్రికి వెళ్లేవాడు. మీ ‘నార్మల్’ నమ్మి ఆగిపోతాడు.

అనుమానమొస్తే చంకలో థర్మామీటర్ పెట్టి చూడండి. అదీ దగ్గర లేకపోతే ‘నార్మల్’ అనకండి, పీహెచ్‌సీకి వెళ్లి చూపించుకోమనండి.

ఇట్లు,
ఎ.కొండూరు మండలవాసి