వేలు పెట్టి చూడు నాయనా

పాత అంబాసిడర్ కొన్నావు, సంతోషం. దానికి బ్రేక్ బూస్టర్ బిగించాలనుకున్నావు, అదీ మంచిదే. నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న బండిని ఇవాళ్టి హైవే మీద ఆపాలంటే పిక్కల్లో సత్తువ ఉండాలి. కానీ బానెట్ ఎత్తి, కంటికి ముందు కనబడిన నిపుల్‌కి ట్యూబు తగిలించేసి "వాక్యూమ్ దొరికింది తాతా" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్లో చూసి చేశావట! ఆ ఫోను నీ ఇంజన్ని ఎప్పుడైనా ముట్టుకుందా?

మా రోజుల్లో షెడ్డులో చేరిన కుర్రాడికి ముందు నేర్పేది వేలు పెట్టి చూడటం. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా నిపుల్ మూతికి వేలు అడ్డం పెట్టాలి. గట్టిగా లాగిందా, అది థ్రాటిల్ రేకుకి అవతల, మ్యానిఫోల్డ్ వైపుది. లాగకుండా ఊరుకుని, కాస్త రేజ్ చెయ్యగానే లాగిందా, అది రేకుకి ఇవతల కార్బురేటర్‌లోనే వేసిన రంధ్రం, డిస్ట్రిబ్యూటర్ సొత్తు. స్పార్కు టైమింగ్ ముందుకు జరపడానికి అక్కణ్ణుంచి సన్న పైపు పోతుంది. దాని జోలికి వెళ్లకు. బ్రేకు తొక్కేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుండదు కదా, సరిగ్గా ఆ క్షణానికే అందులో లాగుడు ఉండదు.

అసలు ఈ వాక్యూమ్ ఎక్కణ్ణుంచి వస్తుందో మీ తరంలో అడిగేవాడేడీ? పిస్టన్ కిందికి దిగుతూ గాలి కావాలంటుంది, మూసుకున్న రేకు ఇవ్వనంటుంది. కొబ్బరిబోండాంలో గొట్టం వేసి పీలుస్తూ మధ్యలో దాన్ని నొక్కిపట్టినట్టు. రేకు పూర్తిగా తెరుచుకుంటే ఆ లాగుడు దాదాపు పోతుంది. ఈ సంగతి మాకు పుస్తకాలు చెప్పలేదు, విల్లీస్ జీపు వైపరు చెప్పింది. అది వాక్యూమ్‌తో ఆడే వైపరు. అనంతగిరి ఘాట్‌లో వానలో ఎక్కుతూ ఉంటే, కాలు అదిమేకొద్దీ అది నీరసించి అద్దం మధ్యలో నిలబడిపోయేది. డ్రైవరు లిప్తపాటు కాలు తేలిక చేసేవాడు, వైపరు ఒకసారి ఊడ్చేది, దారి కనబడేది, మళ్లీ తొక్కేవాడు. కరెంటు వైపర్లు వచ్చాక అద్దం బాగా తుడుస్తున్నాయి, కాదనను. అయినా ఇంజను మీద ఎంత బరువు పడుతోందో ఆ పాత వైపరే చెప్పేది, ఇప్పుడెవరు చెబుతారు? అమెరికాలో 1968 కార్వెట్‌కైతే హెడ్‌లైట్లు పైకి లేచేది కూడా ఈ లాగుడుతోనే.

వాక్యూమ్ మీటరు పెట్టి చూసేవాళ్లం. ఇంజను ఆరోగ్యంగా ఉంటే విశాఖలో ముల్లు 17, 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. అదే బండిని 3000 అడుగుల ఎత్తున్న అరకు తీసుకెళ్తే మూడు అంగుళాలు తగ్గుతుంది, వెయ్యి అడుగులకి అంగుళం చొప్పున. అది తెలియనివాడు కొండ మీద కార్బురేటర్ విప్పుతూ కూర్చుంటాడు. ముల్లు ఒక లయలో టిక్కుటిక్కుమని పడుతూ ఉంటే వాల్వు కాలిందేమోనని చూడాలి. ఇప్పుడు డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది, లాప్‌టాప్ పట్టుకుని ఇంకొకడు వస్తాడు.

సరే, నీ బూస్టర్ సంగతి. దానికి లావుపాటి నిపుల్ మ్యానిఫోల్డ్ నడిమధ్య, సిలిండర్లన్నీ పంచుకునే చోట ఉండాలి. ఏదో ఒక సిలిండర్ దారికి దగ్గరగా పెడితే, ఎక్కడ లీకైనా ఆ గాలంతా దాని నెత్తిన పడి మిస్సింగ్ వస్తుంది. రంధ్రం వెయ్యాలంటే మ్యానిఫోల్డ్ విప్పి బయటపెట్టి వెయ్యి, లోహపు పొట్టు ఇంజన్లోకి పోతే తర్వాత ఏడ్చి లాభం లేదు. ట్యూబు బ్రేక్ బూస్టర్ కోసమే చేసింది కొను; మెత్తటి ట్యూబు లోపలికి ముడుచుకుని దారి మూసేస్తుంది. మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు తప్పదు. ఇంజను ఆగినా ఒకటి రెండు బ్రేకులకి సరిపడా లాగుడు నిలిచేది దానివల్లే. ఆ వాల్వుకీ బూస్టర్‌కీ మధ్య ఇంకేదైనా తగిలించావా, నా గుమ్మం తొక్కకు! వాడని నిపుళ్లకి టోపీలు పెట్టు, పెట్టకపోతే ఐడ్లింగ్ ఊగుతుంది, ఈల వినిపిస్తుంది. వినిపిస్తుంది అన్నాను, చెవిలో పాటల గుబ్బలు తీసేస్తే.

అంతా బిగించాక ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కు. అలాగే తొక్కిపెట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాస్త కిందికి జారిందంటే బూస్టర్ పనిచేస్తోంది. జారకపోతే ఫోన్ని అడక్కు, బండి ఇక్కడికే తీసుకురా.