పాలిష్‌కి లొంగని గింజ

చోడంబలికి పట్టిన యోగం మరే తిండికీ పట్టలేదు. మొన్నమొన్నటిదాకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొలం పనికెళ్లేవాళ్ల పొద్దుటి తిండి అది; చుట్టాలొస్తే ఆ కుండ తలుపు చాటుకి జరిగేది. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ఆ మార్చిలోనే మన సర్కారు బళ్లలో పిల్లలకి రాగిజావ (రాగులంటే మా చోళ్లే) పోయడం మొదలైంది, అంతే, కుండ చాటు నుంచి అంబలి గాజుగ్లాసులోకి దూకింది. ఇప్పుడు దాన్ని రంగుల డబ్బాలో పెట్టి మనకే అమ్ముతున్నారు. నేననేది ఒకటే: కంచం మీద పెత్తనం మన చేతిలో ఉంటే ఒంటి మీద పెత్తనం సగం వచ్చినట్టే, దానికి డబ్బా కొననక్కర్లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, అంతే తెల్లబియ్యంలో 8 లోపు. పాపం ఆవుపాలు కూడా ఇందులో మూడో వంతు దగ్గరే ఆగిపోయాయి. ఇందులో కొంత గొప్ప ఆ గింజ మొండితనానిది. వడ్లు మిల్లుకెళితే తవుడు గేదెకి వదిలేసి పెళ్లికొడుకులా తెల్లగా బయటికొస్తాయి. చోడిగింజ పైపొర మాత్రం లోపలి పిండిని కరుచుకుని వదలదు, పొట్టుతో సహా ఆడించాల్సిందే. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం తన చోడి వంగడాలకి వేగవతి, ఇంద్రావతి అని నదుల పేర్లు పెట్టింది. ఇంత మంచి పేర్లున్నా పెళ్లి విందుకి వీటికి పిలుపు లేదు.

పట్టికలోని కాల్షియమంతా ఎముకకి చేరదు కదా అంటారు. నిజమే, చోళ్లలోని ఫైటేట్లు అడ్డుపడతాయి. మన ముసలమ్మలకి ఆ పేరు తెలీదు గానీ విరుగుడు తెలుసు: పిండి రాత్రి నానేసి పులియబెట్టి, మర్నాడు నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగడం. పులుపెక్కితే ఆ అడ్డు కొంత తొలుగుతుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం, బియ్యాన్ని తిట్టడం కడుపు నిండినవాళ్ల వేషమని. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో మరిస్తే పాపమే. నా తగువు అన్నంతో కాదు. కంచంలో కొండ కట్టి, నడుమ గుంట తీసి, అందులో గరిటెడు పప్పు పోసుకుని సమతులాహారం అనుకోవడంతో. చోడిపిండి పేరు చెప్పి పంచదార, డాల్డా అమ్మే బిస్కెట్లతో కూడా.

అసలు చిక్కు చుట్టాలింట్లో వస్తుంది. "చాలండి" అనగానే, "ఏటి బాబూ, మా కూర బాగోనేదేటి?" అని గరిటె అక్కడే నిలబడుతుంది. రెండోసారీ నవ్వుతూ అదే మాట అనండి, మూడోసారికి వాళ్లే మీ కొలత నేర్చుకుంటారు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం కూరకి పనిచేస్తుంది, బూరెకి చెయ్యదు. దాన్ని ఆ చేతిలోనే పెట్టి వెళ్లిపోతారు. అప్పుడొకసారి పక్క ఆకు వైపు చూడండి. డాక్టరు తీపి ముట్టద్దన్న మనిషి కనక, ఆయన మూడో బూరెలో నెయ్యి తక్కువైందని కేకేస్తుంటాడు.