వచ్చింది వచ్చినట్టు

మా అపార్ట్‌మెంట్‌లో కోడి లేదు. ఆ లోటు మూడో అంతస్తు మాస్టారు తీరుస్తున్నారు. పొద్దున్న నాలుగూ నలభైకి వాట్సాప్ గ్రూపులో గులాబీ పువ్వు పడుతుంది. రేకుల మీద మంచు బొట్లు, కింద కోపం తగదని ఓ సూక్తి. నాలుగూ నలభై అయిదుకి వీడియో పడుతుంది. దేశం నిద్ర లేవాలని, ఫలానా వాళ్లని తరిమికొట్టాలని, రక్తం మరిగితే పదిమందికి పంపాలని అందులో ఒకాయన గొంతు చించుకుంటాడు. చివర మాస్టారి సొంత కవిత్వం రెండే ముక్కలు: యాజ్ రిసీవ్డ్.

వచ్చింది వచ్చినట్టు పంపాను, నాదేం లేదు అని దానర్థం. పుష్కరాల్లో మూడు మునకలేస్తే పాపం పోయినట్టు, ఈ రెండు ముక్కలు రాస్తే పూచీ పోతుందని ఆయన నమ్మకం.

ఈ నమ్మకం ఇంకెవరికైనా ఉంటే సరిపెట్టుకుందును. మాస్టారు జడ్పీ హైస్కూల్లో ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పారు. జవాబు సరిగ్గా ఉన్నా స్టెప్పులు లేకపోతే సున్నా. "ఈ పదిహేడు ఎక్కణ్ణుంచి ఊడిపడిందిరా?" అంటూ చెవి మెలిపెట్టేవారు. అలా మెలిపడిన చెవుల్లో ఒకటి నాది. అందుకే ఇవాళ ఆయన ఏం పంపినా, ఇది ఎక్కణ్ణుంచి ఊడిపడింది మాస్టారూ అని అడగబోతే చెయ్యి చెవి మీదికి పోతుంది.

2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో చిప్పు ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహం పసిగడుతుందని ప్రచారం లేచింది. టీవీల్లో కూడా చెప్పారు. మాస్టారు నోటును కిటికీ దగ్గర పట్టుకుని, ఒక కన్ను మూసి అరగంట వెతికారు. చిప్పు కనబడలేదు. "అంత తేలిగ్గా కనబడితే అది చిప్పెలా అవుతుందిరా!" అన్నారు. 2023 మేలో రిజర్వ్ బ్యాంకు ఆ నోటునే వెనక్కి తీసుకుంటామంది. మాస్టారు బ్యాంకుకెళ్లి నోటు మార్చుకొచ్చారు గానీ, తాను పంపిన చిప్పు మెసేజి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

2018లో వాట్సాప్ మన దేశంలో ఒక ఫార్వర్డును ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపనివ్వనంది. మాస్టారు లెక్కల మనిషి, అయిదేసి చొప్పున ఎక్కం అప్పజెప్పినట్టు పంపుకుంటూ పోయారు. 2020లో, బాగా చేతులు మారిన మెసేజిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలన్నారు. అప్పుడాయన కాపీ, పేస్టు నేర్చుకున్నారు. కాపీ కొట్టారని మమ్మల్ని ఎండలో నిలబెట్టిన మనిషి!

రాజకీయాల్లో ఆయనకు జోడీ రెండో అంతస్తు రిటైర్డు బ్యాంకు మేనేజరు. తెలుగునాట ఎవరు ఏ పేపరు వేయించుకుంటారో, ఏ చానల్ ముందు కునుకు తీస్తారో తెలిస్తే ఓటు ఎటు పడుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఒకే బహిరంగసభ మూడో అంతస్తు టీవీలో నేల ఈనినట్టు ఉంటుంది, రెండో అంతస్తు టీవీలో కుర్చీలే ఉంటాయి. ఆ రెండు క్లిప్పులూ గ్రూపులో ఢీకొంటాయి. "పేటీఎం బ్యాచ్" అని ఈయన, "మీ బానిస బతుకులు" అని ఆయన. 2024 ఎన్నికల లెక్కింపు రోజున ఇద్దరూ చెరోసారి గ్రూపు వదిలి వెళ్లిపోయారు. అడ్మిన్ కుర్రాడు చెరోసారీ తీసుకొచ్చాడు. మర్నాడు మేనేజరుగారికి షుగర్ పడిపోతే, గ్లూకోజు పొట్లం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దిగింది మాస్టారే. నోట్లో చెంచాతో పోసి, తల నిమిరి, పైకొచ్చి, ఆయన పార్టీని తిడుతూ ఓ కార్టూను పంపారు.

నవ్వు రాని ఫార్వర్డులూ ఉన్నాయి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకింది. ఊరికి కొత్తగా కనబడిన పాపానికి అమాయకులు తన్నులు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని తిప్పి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు. మాస్టారు పుకారూ పంపారు, పుకారు నమ్మొద్దన్న కబురూ పంపారు. రెంటికీ కింద అవే రెండు ముక్కలు. నేను? మొదటిదానికి నోరు మూసుకున్నాను. రెండోదానికి బొటనవేలు ఎత్తాను.

మొన్న అడ్మిన్ కుర్రాడు భయపడి, వర్గాల మధ్య ద్వేషం రేపితే న్యాయ సంహిత 196వ సెక్షను కింద జైలని పెట్టాడు. మాస్టారు దాన్నీ నాలుగు గ్రూపులకు పంపించి, మర్నాడు పొద్దున్నే మరోటి వదిలారు. ఫలానా మతం వాళ్ల బళ్ల మీద పండ్లు కొనొద్దని. లాక్‌డౌన్ నాటి సరుకే, తేదీ మార్చుకుని వచ్చింది.

పది గంటలకు సంచీ పట్టుకుని కిందికి దిగారు. గేటు దగ్గర జామకాయల బండి. సాయిబు ఇరవై ఏళ్లుగా మా వీధికే వస్తాడు, మాస్టారికి దోరవి ఏరి పక్కన పెడతాడు.

"పొద్దుటి మెసేజి ప్రకారం ఇవి తినకూడదు కదా మాస్టారూ," అన్నాను మెల్లిగా, చెవి కాపాడుకుంటూ.

"ఛ, నోర్ముయ్. అది వేరే సాయిబుల గురించిరా. ఈయన మన సాయిబు."

ప్రతి వీధికీ ఓ మన సాయిబు ఉన్నాడు. ఆ వేరే సాయిబు ఏ వీధిలో ఉంటాడో నాకింతవరకూ తెలియలేదు.

ఇంతలో సాయిబు లుంగీకి చెయ్యి తుడుచుకుని ఫోన్ అందించాడు. "మాస్టారూ, మా వాడు కొనిచ్చాడు. పొద్దున్నుంచి ఇదొక్కటే మూడుసార్లొచ్చింది. నాకు చదువు రాదు కదా, అర్జెంటేమో కాస్త చూడండి."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. భుజం మీంచి నేనూ తొంగి చూశాను. మెసేజి నెత్తిన రెండు బాణాలు. కింద యాజ్ రిసీవ్డ్.

ఆయన చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. తప్పు లెక్క చేసి బోర్డు దగ్గర దొరికిపోయిన పిల్లాడి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

"ఏం లేదు సాయిబూ," అన్నారు చివరికి. "మధ్యాహ్నం వాన పడుతుందట. బండి మీద పట్టా కప్పుకోమంటున్నారు."

సాయిబు తలెత్తి చూశాడు. మబ్బు తునక లేదు, ఎండ మాడ్చేస్తోంది. అయినా స్టెప్పులు అడగలేదు. బండి కింద నుంచి పట్టా లాగి, జామకాయల మీద నాలుగు మూలలా జాగ్రత్తగా కప్పాడు. చెప్పింది మాస్టారు మరి.